తీసేయమన్న వాక్యం

పదవీ విరమణ రోజున నాకు కప్పిన శాలువా మంచిదే. దానితో పాటు ఇచ్చిన చెక్క ఫలకం మీద మాత్రం "మసాజ్ విభాగంలో సుదీర్ఘ సేవలకు" అని చెక్కించారు. ముప్పై ఏళ్ళకు పైగా ఫిజియోథెరపిస్టుగా పనిచేశాను. పక్షవాతంతో పడిపోయినవాళ్ళకు కూర్చోవడం, నిలబడడం, నడవడం నేర్పాను. మసాజ్ నా పని కాదని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఫలకాన్ని బల్ల మీదే వదిలేసి వచ్చాను. మర్నాడు అటెండరు ఆటోలో తెచ్చి ఇంట్లో ఇచ్చి వెళ్ళాడు. ఇప్పుడది పటమటలో మా వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంటోంది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడమ్, మాకు పనికొస్తాయి" అన్నారు. ప్రమోషన్ల గురించి రాయను. పెద్దగా రాలేదు కూడా. రాయదగ్గవి నా దగ్గర రెండున్నాయి. ఒకటి నేను చేసిన తప్పు. రెండోది నేను పూర్తి చేయలేకపోయిన చదువు. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి కాబట్టి కలిపే చెబుతాను. పేర్లు మార్చాను. ఎవరి గురించి రాశానో వాళ్ళు చదివితే వాళ్ళకు తెలుస్తుంది. తెలియాలనే రాస్తున్నాను.

తలుపు పక్కన బుట్ట

తొంభైల్లో బందరు రోడ్డు మీద ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నా ఉద్యోగం. మా గది మెట్ల కింద ఉండేది. తలుపు పక్కన ఒక ప్లాస్టిక్ బుట్ట, దాని నిండా రబ్బరు బంతులు. బీసెంట్ రోడ్డులో ఆటవస్తువుల దుకాణం నుంచి డజన్ల కొద్దీ తెప్పించేవాళ్ళం. పక్షవాతంతో చేయి పడిపోయిన మనిషి ఇంటికి వెళ్ళే రోజున ఒక బంతి చేతిలో పెట్టి, "రోజూ నొక్కుతూ ఉండండి" అని పంపడం మా ఆచారం. నాకు ముందున్నావిడ అలాగే చేసేది. నేనూ అలాగే చేశాను. ఎందుకని ఆవిడను నేను అడగలేదు, నన్నూ ఎవరూ అడగలేదు. రోగులకు కూడా బంతి అంటే ఇష్టం. మాత్రలు కాకుండా ఆసుపత్రి ఇంకేదో ఇచ్చిందని తృప్తి.

నాంచారమ్మ గిలకలదిండి నుంచి వచ్చింది. బందరు దగ్గర సముద్రపు ఒడ్డున చేపలమ్ముకునే మనిషి. యాభై దాటి ఉంటాయి. కుడి పక్క పడిపోయి మా దగ్గర మూడు వారాలు ఉంది. కాలు త్వరగానే కోలుకుంది, కర్ర పట్టుకుని నడిచింది. చేయి మాత్రం ఒడిలో ఎవరో మరిచిపోయిన తువ్వాలులా పడి ఉండేది. భోజనం వేళకు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేది, ఎడమ చేత్తో అన్నం తినడం ఎవరి కంటా పడకూడదని.

"ఈ సెయ్యి ఎప్పటికొస్తదమ్మా?" అని రోజూ అడిగేది.

"వస్తుంది నాంచారమ్మా. నీ చేపలు నువ్వే కోసుకుంటావు."

"కొయ్యడం మా కోడలు కోస్తది. చేప తీసి బేరగాళ్ళ సంచిలో ఎయ్యాల గదా? ఎడం సేత్తో ఏత్తే ఎవరు కొంటారమ్మా? పొద్దున్నే మొదటి బేరం ఎడం సెయ్యైతే నా మొకం కూడా సూడరు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. రోగికి ఏం కావాలో రోగే చెబుతుందని తర్వాత చదువుకున్నాను. ఆమె మొదటి వారంలోనే చెప్పింది, నేను వినలేదు.

ఇంటికెళ్ళే రోజున ఎర్ర బంతి ఒకటి తీసి ఆ చేతిలో పెట్టాను. వేళ్ళు దాని చుట్టూ కాస్త కదిలాయి. అది చూసి ఆమె ఏడ్చింది, నేను పొంగిపోయాను.

"రోజుకు వంద సార్లు నొక్కు."

"వందేంటమ్మా, వెయ్యి నొక్కుతా సూడు."

చెప్పిన వ్యాయామం ఇంటికెళ్ళి చేసేవాళ్ళు తక్కువ. అడిగితే చేశామంటారు, చేయి చూస్తే తెలిసిపోతుంది. ఇన్నేళ్ళలో చెప్పిన దానికంటే ఎక్కువ చేసిన రోగి నాకు నాంచారమ్మ ఒక్కతే.

రెండో శనివారాలు

ఆ తర్వాతి ఏడు పేపర్లో ఒక ప్రకటన చూశాను. మెదడు, నరాలు దెబ్బతిన్నవాళ్ళకు తిరిగి పనులు నేర్పే వైద్యంలో పీజీ డిప్లొమా. ఉద్యోగం మానక్కర్లేదు. పాఠాలు పోస్టులో వస్తాయి, నెలకొకసారి శని ఆదివారాలు మద్రాసులో తరగతులు. ఫిజియోథెరపిస్టులు, నర్సులు, ఎవరైనా చేరవచ్చు. చివర్లో ఒక రోగిని నెలల తరబడి గమనించి ప్రాజెక్టు రాయాలి. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్ళు.

మా ఆసుపత్రి యజమాని రంగనాయకులు గారు ఎముకల డాక్టరు. చేయి మంచిదని ఊరంతా చెప్పుకునేవారు, అది నిజమే. అనుమతి అడగడానికి వెళ్ళినప్పుడు ఆయన గదిలో మందుల కంపెనీ కుర్రాడు కూర్చుని ఉన్నాడు.

"కాళ్ళూ చేతులూ ఊపడానికి పీజీ కూడా కావాలా కరుణా?" అన్నారు. కంపెనీ కుర్రాడు నవ్వాడు. నీలం టై.

"మనకొచ్చేవాళ్ళలో సగం మంది పక్షవాతం వాళ్ళే గదండీ. వాళ్ళకి ఏం చేస్తున్నామో నాకే సరిగ్గా తెలియట్లేదు సార్."

"తెలియకుండానే ఇన్నాళ్ళూ చేశావా? సరే, వెళ్ళు. సోమవారం మాత్రం ఆలస్యమైతే ఊరుకోను."

ఒక్క సోమవారం ఆలస్యం కాలేదు. హాజరు పుస్తకం ఇంకా ఎక్కడైనా ఉంటే చూసుకోవచ్చు.

పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి మద్రాసు. తెనాలిలో సులోచన గారు ఎక్కేవారు. ఆవిడ నర్సు, నాకంటే ఆరేళ్ళు పెద్ద, మెదడు బొమ్మ నాకంటే బాగా గీసేవారు. చీరాల దాటేదాకా ఇంటి కష్టాలు, దాటాక నోట్సు. నేను ప్రశ్న అడిగేదాన్ని, ఆవిడ కళ్ళు మూసుకుని జవాబు చెప్పేవారు. తప్పయితే నా డబ్బాలోని నిమ్మకాయ పులిహోరలో ఆవిడకు వాటా లేదు. వాటా లేకుండా పోయిన రోజు ఒక్కటీ లేదనుకోండి.

ఇప్పటికీ రెండో శనివారం పొద్దున మెలకువ వచ్చేస్తుంది. ఎక్కడికీ వెళ్ళే పని లేదని గుర్తు రావడానికి కాసేపు పడుతుంది. ఆ తరగతి గదిలో ఏముందని ఇంత తపన అంటే, ఒకటే చెబుతాను. అక్కడ ఒకావిడ నన్ను ప్రశ్న అడిగి, నేను జవాబు వెతుక్కునేదాకా ఆగేది. ఆసుపత్రిలో నాకు ఏం చేయాలో రాసిన డాక్టర్ల చీటీలు వచ్చేవి, ప్రశ్నలు వచ్చేవి కావు.

ఆవిడ విశాలాక్షి మేడమ్. నెల్లూరు నుంచి వెళ్ళి మద్రాసులో స్థిరపడ్డారు. పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు, కోపం వస్తే తెలుగులోకి దిగేవారు. మూడో నెలలో ఒక శనివారం మా అందరి కుడి చేతుల్లో తలా ఒక రబ్బరు బంతి పెట్టి, పైన గట్టిగా కట్టు కట్టించారు. "రేపు మధ్యాహ్నం దాకా విప్పకండి. స్నానం, తిండి, జడ, అన్నీ దీంతోనే" అన్నారు.

"మేడమ్, నోట్సెలా రాయాలండీ?" అన్నారు సులోచన గారు.

"మీ పేషెంట్లు ఎలా రాస్తున్నారో అలాగే."

ఆదివారం పొద్దున హాస్టల్ మెస్‌లో ఎడమ చేత్తో ఇడ్లీ తిన్నాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఏడుగురమూ గోడవైపు తిరిగి కూర్చున్నాం. నా పక్కన గోడ మీద సున్నం పెచ్చు ఊడి ఉంది. దాన్ని చూస్తూ నాంచారమ్మను తలుచుకున్నాను.

మధ్యాహ్నం తరగతిలో మేడమ్ అడిగారు. "పక్షవాతం పేషెంటుకి బంతి ఇచ్చి పంపినవాళ్ళు చేతులెత్తండి."

ఏడు ఎడమ చేతులు లేచాయి.

"సరే, విప్పండి. వేళ్ళు చాపండి."

ఆరోగ్యంగా ఉన్న వేళ్ళు ఒక్క రోజుకే మొరాయించాయి. సులోచన గారు అమ్మా అన్నారు.

"పడిపోయిన చేతికి ప్రాణం వచ్చేటప్పుడు ముందు ముడుచుకోవడం వస్తుంది" అన్నారు మేడమ్, తెలుగులో. "అది మనం నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది తెరవడం. మీరేమో వచ్చిన దాన్నే వందసార్లు, వెయ్యిసార్లు చేయమని చెప్పి, రానిదాన్ని వదిలేసి ఇంటికి పంపారు. ఆ తర్వాత ఆ చేతిని మీరెవరైనా చూశారా?"

వెయ్యి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. తర్వాత ఆవిడ ఏం చెప్పారో నా నోట్సులో లేదు.

ఇక్కడ పిల్లలకు ఒక మాట. బలం పెంచే వ్యాయామం వల్ల బిగుతు పెరగదని ఈ మధ్య అంటున్నారు, బంతిని అంత తిట్టక్కర్లేదని నాతో వాదిస్తున్నారు. కావచ్చు. నేను బంతిని తిట్టడం లేదు. తెరవడం నేర్పకుండా, మళ్ళీ రమ్మనకుండా, బంతి చేతిలో పెట్టి చేతులు దులుపుకున్న మనిషిని తిడుతున్నాను. ఆ మనిషి నేనే కాబట్టి ఆ హక్కు నాకుంది.

బంతులేవి?

సోమవారం బుట్ట తీసి అల్మరాలో పెట్టి తాళం వేశాను. వారం తిరక్కుండా రౌండ్స్‌లో రంగనాయకులు గారు ఒక పెద్దాయన చేయి చూసి, "బంతి ఇచ్చారా?" అన్నారు. లేదన్నాడాయన.

"ఏమ్మా, బంతులేవి?"

"లోపల పెట్టానండి. తెరవడం రాకుండా అవి ఇవ్వకూడదు సార్. మా తరగతిలో..."

"ఓహో. మాలిష్ చేసేవాళ్ళకి తరగతులు, ఆ తరగతుల్లోంచి మనకి పాఠాలు!" ఆయన చేతిలో సగం కొరికిన సమోసా ఉంది. వార్డులో నవ్వినవాళ్ళు ముగ్గురు. ఒకరు పోయారు కాబట్టి క్షమించాను.

పాత రిజిస్టర్లు తీసి, బంతి పట్టుకెళ్ళినవాళ్ళకు నా చేత్తో పోస్టుకార్డులు రాశాను. "బంతి నొక్కడం ఆపండి. ఒకసారి వచ్చి నాకు చేయి చూపించండి." కొందరు వచ్చారు. మైలవరం నుంచి ఒకాయన బంతిని కాగితంలో చుట్టి తెచ్చి, "వాడలేదండీ, మనవడు ఆడుకున్నాడు" అని సిగ్గుపడ్డాడు. ఆయన చేయి బాగుంది. ఆ మనవడికి దండం పెట్టాలనిపించింది.

గిలకలదిండి నుంచి జవాబు రాలేదు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగియగానే బందరు బస్సెక్కాను.

నాంచారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. కుడి చేయి ఛాతీకి ఆనుకుని ఉంది, పిడికిలి రాయిలా. దగ్గరికి వెళ్తే వాసన వచ్చింది. గోళ్ళు అరచేతిలో దిగి పుండు పడింది.

"సూడమ్మా డాక్టరమ్మా," అంది గర్వంగా, "బంతి పగిలిపోయింది. రెండోది మావోడు బందర్లో కొనుక్కొచ్చాడు. పట్టు బాగా వచ్చింది. వదల్డమే రాట్లేదు."

ఆమె పక్కన కూర్చుని చెప్పాను. బంతి ఇవ్వడం తప్పని, తప్పు నాదని, నాకు అప్పుడు తెలియదని. ఆమె ఎడమ చేత్తో ఆ పిడికిలి పట్టుకుని చూసుకుంది. కోడలు లోపలి నుంచి మంచినీళ్ళు తెచ్చింది.

"నేను ఎర్రిదాన్లా నొక్కా గదా," అంది నాంచారమ్మ. "మా పక్కింటి ముసలోడికీ సెయ్యి పడిపోయింది, ఆడు ఒక్కరోజు నొక్కలేదు. ఆడి సెయ్యే బాగుంది."

"అవును."

"మరి ఇప్పుడేం సేత్తావు? ఏడుత్తావా, ఏదన్నా సెప్తావా?"

చెప్పాను. ముందు గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి పుండు మానేదాకా ఆగడం. తర్వాత మణికట్టు కిందికి వంచితే వేళ్ళు కొంచెం వదులవుతాయి, ఆ వదులులో ఒక్కొక్క వేలే చాపడం. చేపల తట్ట బోర్లించి దాని మీద అరచేయి ఆనించి బరువు మోపడం. రాత్రి చేతికి కట్టుకోవడానికి ఒక చెక్క చేయించాను. నెలకు రెండు ఆదివారాలు, ఒక్కోసారి మూడు, వెళ్ళేదాన్ని. వెళ్ళినప్పుడల్లా తిట్టేది, తిడుతూనే చేసేది.

పదకొండో పేజీ

ఆ ఏడాది పనినే ప్రాజెక్టుగా రాశాను. రాతపరీక్షలన్నీ అప్పటికే పాసయ్యాను. రోగిని మొదట చూసిన ఆసుపత్రి అధిపతి సంతకం ఉంటేనే ప్రాజెక్టు తీసుకుంటారు. అది ఒక్కటే మిగిలింది.

రంగనాయకులు గారు మొత్తం చదివారు. చదవకుండా సంతకం పెడతారనుకున్నాను. ఆ విషయంలో ఆయన్ను తప్పుగా అంచనా వేశాను.

"బాగా రాశావమ్మా," అన్నారు. ఆయన నోటి నుంచి నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే, చివరిదీ అదే. ఇప్పటికీ ఆ మాట మళ్ళీ వినాలని ఉంటుంది. అలా ఉన్నందుకు నా మీద నాకు కోపం. "పదకొండో పేజీలో ఒక్క వాక్యం తీసేయ్. సంతకం పెడతా."

బంతి గురించిన వాక్యం.

"నేను ఇచ్చానని రాశానండి. ఆసుపత్రిని అనలేదు."

"నువ్వు ఎక్కడ పనిచేస్తున్నావు? రేపు వాళ్ళ అబ్బాయి ఈ కాగితం పట్టుకుని ప్లీడరు దగ్గరికి పోతే?"

"చేయి ఎలా తెరిచామో రాసి, ఎందుకు మూసుకుందో రాయకపోతే అది అబద్ధం గదా సార్."

"అబద్ధం చెప్పమనలేదు. ఒక్క వాక్యం చెప్పొద్దన్నాను. ఆలోచించుకో."

విశాలాక్షి మేడమ్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "సంతకం లేకుండా నేను తీసుకోలేను కరుణా. ఆ వాక్యం తీసేయమని నేను చెప్పను. ఉంచమనీ చెప్పను." రెంటిలో ఏదో ఒకటి ఆవిడ చెప్పి ఉండాల్సింది. నాకు అంత నేర్పిన మనిషి మీద ఈ ఫిర్యాదు రాయడం కష్టంగానే ఉంది, అయినా రాస్తున్నాను.

నాంచారమ్మకు కూడా చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది.

"తీసెయ్యమ్మా. నా సెయ్యి ఏమైందో నాకు తెలుసు, నీకు తెలుసు. కాయితానికి తెలీకపోతే ఏం పోద్ది?"

"తీయను."

"నీ పిడికిలి నాదానికన్నా గట్టిది గదమ్మా!"

నేను తీయలేదు. ఆయన పెట్టలేదు. గడువు దాటిపోయింది. సులోచన గారు డిప్లొమా తీసుకుని నాకు ఫోటో పంపారు. నల్ల గౌను, చేతిలో కాగితం చుట్ట. పక్కన కొంచెం చోటు వదిలి నిలబడ్డారు, నాకోసమేనని ఉత్తరంలో రాశారు. ఆ ఫోటో నా బీరువాలో చీరల కింద ఉంది. పైన పెట్టుకునే ధైర్యం లేదు.

ఇక్కడితో ఆపితే నేనేదో గెలిచినట్టు ఉంటుంది. కాబట్టి మిగతాది కూడా చెబుతాను. రెండు వేల సంవత్సరం దాటాక మా విభాగానికి అధిపతి కావాలన్నారు. ఆ డిప్లొమా లాంటిదే ఉన్న ఒక యువకుణ్ణి తెచ్చి పెట్టారు. అతను వచ్చిన నెలలోనే బుట్ట మళ్ళీ తలుపు పక్కకు వచ్చింది. ఈసారి స్పాంజి బంతులు, నవ్వు మొహం బొమ్మలు వేసినవి. వద్దని చెప్పాను. "మీరు కోర్సు పూర్తి చేశారా మేడమ్?" అని అడిగాడు, మర్యాదగానే. ఆ వాక్యం తీసేసి ఉంటే ఆ కుర్చీలో నేనుండేదాన్ని, ఆ బుట్ట ఉండేది కాదు. ఆ బుట్టలోంచి బంతి పట్టుకెళ్ళిన మనుషుల చేతులు ఏమయ్యాయో నాకు తెలియదు. నాకు ఆ రిజిస్టర్లు చూసే అధికారం లేదన్నారు.

పిల్లలు ఇది చదివి, "అయితే తీసేయాలా, ఉంచాలా మేడమ్?" అని అడుగుతారు. నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసని చెప్పే పెద్దవాళ్ళను నమ్మకండి.

ఉండమ్మా, వస్తది

నాంచారమ్మ చేయి పూర్తిగా రాలేదు. అన్నం కలుపుకోవడం రాలేదు, చివరిదాకా గోడవైపు తిరిగే తిన్నది. కానీ ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి అరుగు మీద లేదు. రేవు దగ్గర చేపల తట్ట ముందు కూర్చుని ఉంది. బేరగాళ్ళ వరసలో నేనూ నిలబడ్డాను.

"సంచి పట్టు," అంది నన్ను చూసి, మిగతావాళ్ళతో అన్నట్టే.

ఎడమ చేత్తో ఒక చేప తీసి కుడి చేతిలో పెట్టుకుంది. వేళ్ళు బిగుసుకున్నాయి. ఆ చేతిని నా సంచి మీదికి తెచ్చింది. తోక పిడికిట్లో ఉండి చేప వేలాడుతోంది. పిడికిలి తెరుచుకోలేదు. నా వెనకున్నావిడ, "ఏంటమ్మా, ఇస్తావా, ఇవ్వవా?" అంది.

"ఉండమ్మా, వస్తది," అంది నాంచారమ్మ.

మణికట్టు నెమ్మదిగా కిందికి వంచింది. నేను నేర్పినట్టే. నేను సంచి ఇంకాస్త తెరిచి పట్టుకున్నాను. చిటికెన వేలు ముందు కదిలింది, తర్వాత ఉంగరం వేలు. చేప సంచిలో పడింది. కుడి చేత్తోనే.

"బోణీ," అంది. వెనకున్నావిడ సంచి ముందుకు చాపింది.

నాంచారమ్మ పోయి చాలా ఏళ్ళయింది. నేను చేసిన పనిలో ఏదో ఒకటి తిరిగి ఒక్కసారి చూడనిస్తామంటే, ఆ సంచి పట్టుకుని నిలబడ్డ ఆ కాస్త సమయం అడుగుతాను. పక్కన సులోచన గారు, విశాలాక్షి మేడమ్ కూడా ఉండాలని అడుగుతాను. రంగనాయకులు గారు కూడా ఉండాలి, ఆయనా చూడాలి.

ప్రాజెక్టు ఇంట్లోనే ఉంది. సంతకం చోటు ఖాళీ. ఇక్కడ రాయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదన్నారు కాబట్టి, పదకొండో పేజీలోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"ఈ రోగి కుడి చేయి పిడికిలిగా బిగుసుకుపోవడానికి జబ్బు ఒక్కటే కారణం కాదు, తెరవడం నేర్పకుండా ఆమె చేతిలో బంతి పెట్టి ఇంటికి పంపింది నేను."